ఓడలమీద మంచినీటి బట్టీలు: సముద్రపు నీటిని తాగునీరుగా మార్చిన తొలి ప్రయత్నాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

చుట్టూ నీరే ఉండగా నావికులు దాహంతో ఎందుకు అల్లాడేవారు? ప్రాణం మీదికి వస్తే సముద్రపు నీటినే కొంచెం తాగకూడదా?

తాగకూడదు. నడి సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. గోదావరి, కృష్ణ వంటి నదులు కలిసేచోట ఉప్పదనం కొంత తగ్గినా అది సాధారణంగా తాగదగినంతగా తగ్గదు. మన మూత్రపిండాలు సముద్రపు నీటిలో ఉన్నంత గాఢతతో ఉప్పును బయటికి పంపలేవు కాబట్టి, తాగిన ఉప్పును వదిలించుకోవడానికి శరీరం తాగిన నీటికంటే ఎక్కువ నీటినే ఖర్చు పెట్టవలసి వస్తుంది. అందువల్ల దాహం తీరకపోగా మనిషి మరింత త్వరగా కృశిస్తాడు. తెరచాప ఓడల కాలంలో నావికులు చెక్క పీపాలలో మంచినీరు నింపుకొని బయలుదేరేవారు. కొన్ని వారాలకే ఆ నీరు పాచిపట్టి కంపు కొట్టేది. గాలి లేక ఓడ నిలిచిపోయినా, పీపాలు కారినా అందరి ప్రాణాలూ ప్రమాదంలో పడేవి. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చాలన్న తపనకు మూలం ఇదే.

ఉప్పునీటిని కాచి మంచినీరు తీయవచ్చని మొదట గుర్తించినది ఎవరు?

మొదటివాడు ఫలానా అని ఒక్కరిని చూపించడం కుదరదు. సముద్రపు నీరు ఆవిరైతే ఆ ఆవిరి తియ్యగా ఉంటుందని, అది మళ్లీ నీరుగా మారినప్పుడు ఉప్పనీరు కాదని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ స్పష్టంగా రాశాడు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో అతని రచనలకు వ్యాఖ్యానం రాసిన, అఫ్రోడిసియాస్ పట్టణానికి చెందిన అలెగ్జాండర్, నావికులు సముద్రపు నీటిని కంచు పాత్రలలో మరిగించి, మూతి దగ్గర పెద్ద స్పాంజీలు వేలాడదీసి, అవి పీల్చుకున్న ఆవిరిని పిండుకొని తాగేవారని చెప్పాడు. గొట్టమూ లేదు, చల్లార్చే తొట్టీ లేదు. అయినా ఆవిరిని పట్టడం, చల్లబరచడం, నీటిని వేరుచేయడం అనే మూడు పనులూ ఆ స్పాంజీ ఒక్కటే చేసింది. నా దృష్టిలో ఈ విషయమంతటిలో అత్యంత ముచ్చటైన సాధనం అదే.

సారా బట్టీని చూసినవారికి తరువాతి కథ సులువుగా అర్థమవుతుంది. కింద మంట, మంటమీద కుండ, కుండకు మూత, మూతనుంచి గొట్టం, గొట్టం చుట్టూ చన్నీరు. ఓడలమీద వాడినది ఇదే అమరిక. కుండలో ఊరబెట్టిన బెల్లానికి బదులు సముద్రపు నీరు ఉండేది, అంతే.

మట్టిలోనో ఇసుకలోనో వడగట్టి ఉప్పును తీసే ప్రయత్నం ఎవరూ చేయలేదా?

చాలామంది చేశారు, ఎవరూ నెగ్గలేదు. మూతి బిగించిన మైనపు పాత్రను సముద్రంలోకి దించితే దాని గోడల గుండా మంచినీరు మాత్రమే లోపలికి ఊరుతుందని అరిస్టాటిల్ కూడా నమ్మాడు. రోమన్ రచయిత ప్లినీ సైతం బోలు మైనపు ఉండల గురించి రాశాడు. ఓడ చుట్టూ గొర్రెబొచ్చు పరిచి, దానికి పట్టిన తేమను పిండుకోవచ్చని కూడా అతను చెప్పాడు. మైనపు పాత్ర మాట నిజం కాదు. ఇసుక నీటిలోని మురికిని ఆపగలదు కాని, కరిగిపోయిన ఉప్పును ఆపలేదు. ఉప్పును ఆపగల పొరను తయారుచేయడానికి మనిషికి 20వ శతాబ్దం దాకా పట్టింది. దాని సంగతి చివరలో వస్తుంది.

కాచి చల్లార్చడం అంత సులువైనప్పుడు ఓడలన్నీ ఎందుకు వాడలేదు?

కట్టెల వల్ల. ఈ చరిత్ర అంతటికీ కీలకం ఇక్కడే ఉందని నేను నమ్ముతున్నాను. తొలినాటి ఆవిష్కర్తలలో చాలామంది ఉప్పును ఎలా వదిలించాలా అని ఆలోచించారు. నిజానికి మరిగేటప్పుడు ఉప్పు తనంతట తానే కుండలో మిగిలిపోతుంది. అసలు చిక్కు నీటిని ఆవిరి చేయడానికి కావలసిన వేడితోనే వస్తుంది. మామూలు వేడిమిలో ఉన్న లీటరు నీటిని మరిగేదాకా తేవడానికి సుమారు 300 కిలోజౌళ్ల వేడి చాలు. మరుగుతున్న ఆ నీటినంతా ఆవిరిగా మార్చడానికి ఇంకా 2,250 కిలోజౌళ్లకు పైగా కావాలి.

1593లో దక్షిణ సముద్రాలకు బయలుదేరిన ఆంగ్ల నావికుడు రిచర్డ్ హాకిన్స్, తన ఓడలోని బట్టీతో నాలుగు కట్టెలకే ఒక హాగ్స్‌హెడ్ పీపా నిండా మంచినీరు తీశానని, అది ఆరోగ్యకరంగా ఉందని రాసుకున్నాడు. నీరు తీశాడన్న మాట నమ్మదగినదే. కట్టెల లెక్కను మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ పీపాలో సుమారు 240 లీటర్లు పడతాయి. వేడి ఒక్క రవ్వ కూడా వృథా కాలేదనుకున్నా అన్ని నీళ్లను ఆవిరి చేయడానికి దాదాపు 40 కిలోల ఎండు కట్టె కావాలి. ఓడలోని పొయ్యి దగ్గర సగానికి పైగా వేడి గాలిలో కలిసిపోతుంది కాబట్టి, నిజంగా పట్టే కట్టె అంతకు ఎన్నో రెట్లు ఉండాలి.

17వ శతాబ్దంలో ఇందుకోసం పేటెంట్లు ఇచ్చారని అంటారు. అవి ఎవరివి?

ఇంగ్లండులో 1675లో విలియం వాల్కాట్‌కు, 1683లో రాబర్ట్ ఫిట్జ్‌జెరాల్డ్‌కు, అతని భాగస్వాములకు పేటెంట్లు దక్కాయి. హక్కు ఎవరిదన్న విషయంలో రెండు వర్గాల మధ్య ఏళ్ల తరబడి వివాదం నడిచింది. ఫిట్జ్‌జెరాల్డ్ ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్‌కు బంధువు. ఆ నీరు మంచిదేనని బాయిల్ స్వయంగా హామీ ఇవ్వడం, రాజు రెండవ చార్లెస్ ఆసక్తి చూపడం వల్ల ఆ పథకానికి పేరు వచ్చింది. రెండు పద్ధతులలోనూ బట్టీతో పాటు రహస్యంగా కలిపే పదార్థాలు ఉండేవి, వ్యాపారమంతా ఆ రహస్యం మీదే నడిచేది. అంత పేరు వచ్చినా నౌకాదళం వాటిని విరివిగా వాడుకలోకి తేలేదు.

నీటిలో ఉప్పు నిజంగా పోయిందో లేదో ఆ రోజుల్లో ఎలా తెలుసుకునేవారు?

ఎక్కువగా నాలుకే గీటురాయి. నాలుక మోసపోతుందని తెలిసిన బాయిల్ అంతకంటే మేలైన పరీక్షను రూపొందించాడు. నత్రికామ్లంలో వెండిని కరిగించి, ఆ ద్రావణాన్ని పరీక్షించవలసిన నీటిలో ఒకటి రెండు చుక్కలు వేయాలి. ఉప్పు ఉంటే నీటిలో వెంటనే తెల్లని మబ్బు పడుతుంది, కాసేపటికి అది మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఉప్పు లేకుంటే నీరు తేటగానే ఉండిపోతుంది. నాలుకకు ఏమాత్రం తెలియనంత కొద్దిపాటి ఉప్పును కూడా ఇది పట్టిస్తుంది. ఇప్పటికీ కళాశాలల ప్రయోగశాలల్లో క్లోరైడును గుర్తించడానికి పిల్లలు సిల్వర్ నైట్రేట్‌తో చేసే పరీక్ష ఇదే.

విచారించవలసిన సంగతి ఏమిటంటే, బాయిల్ దీనిని బతికి ఉన్నంతకాలం గుట్టుగా ఉంచాడు. అతను 1691లో మరణించాక, 1693లో గాని లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ పత్రికలో ఆ వివరం అచ్చు కాలేదు. ఫిట్జ్‌జెరాల్డ్ పేటెంటు నుంచి అప్పటిదాకా గడిచిన ఆ పదేళ్లూ ఈ పరీక్ష నలుగురి చేతుల్లో ఉండి ఉంటే, రహస్యపు మందుల అవసరం ఎంతో ఎవరికి వారే తేల్చుకొని ఉండేవారు.

ఇంతకీ ఏ మందులు కలిపేవారు? వాటివల్ల ఏ ఉపయోగమూ లేదా?

ఒక్కొక్కరిది ఒక్కొక్క దినుసు. 1753లో ఇంగ్లండులోని డర్హమ్ ప్రాంతానికి చెందిన జాషువా ఆపిల్‌బీ, తీక్షణమైన క్షారాన్ని, కాల్చిన ఎముకలను కలిపి బట్టీ పట్టాలని చెప్పాడు. మరికొందరు సుద్ద, కట్టెబూడిద, సబ్బు వంటివి వాడారు. మతాచార్యుడూ శాస్త్రవేత్తా అయిన స్టీఫెన్ హేల్స్ 1739 నుంచి ఈ విషయంపై ప్రయోగాలు చేసి, మరుగుతున్న నీటిలోకి తిత్తులతో గాలి ఊదితే ఆవిరి త్వరగా వస్తుందని కూడా సూచించాడు.

ఉప్పును తొలగించడంలో ఈ దినుసులకు ఏ పాత్రా లేదు. అయితే వాటిని వాడినవారిని పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు. సముద్రపు నీటిలో మామూలు ఉప్పుతో పాటు మెగ్నీషియం క్లోరైడు ఉంటుంది. కుండలో నీరు బాగా ఇంకి, అడుగున చిక్కటి ఉప్పునీరు మిగిలిన దశలో ఇంకా మంట పెడితే, అది విచ్ఛిన్నమై హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని వదులుతుంది. చివరగా దిగే నీరు పుల్లగా, గొంతు పట్టేసేలా ఉండడానికి కారణం అదే. సుద్ద, బూడిద, క్షారం ఆ ఆమ్లాన్ని పట్టి ఉంచుతాయి. అంటే ఆ మందులు నిజమైన ఒక ఇబ్బందికి విరుగుడే. కాని ఆ ఇబ్బందిని పైసా ఖర్చు లేకుండా తప్పించే మార్గం ఒకటి ఉంది. కుండలో నాలుగో వంతు నీరు మిగిలి ఉండగానే మంట తీసేసి, మిగిలినది పారబోసి, మళ్లీ కొత్త నీరు పోసుకుంటే సరిపోతుంది.

జేమ్స్ లిండ్ పేరు స్కర్వీ వ్యాధి గురించి విన్నాం. ఆయనకు మంచినీటితో ఏమి సంబంధం?

1747లో నిమ్మ, నారింజ పండ్లతో స్కర్వీ నయమవుతుందని ఓడమీద పోల్చి చూపిన వైద్యుడే ఈయన. తరువాత హాస్లర్ నౌకాదళ ఆసుపత్రిలో పనిచేస్తుండగా 1761లో, ఏ మందూ కలపకుండా ఊరికే బట్టీ పట్టినా సముద్రపు నీటినుంచి స్వచ్ఛమైన మంచినీరు వస్తుందని నిర్ధారించి, 1762లో రాయల్ సొసైటీకి తెలియజేశాడు. వినడానికి ఇది అతి చిన్న మాట. కాని శతాబ్దకాలంగా పేటెంట్ల చుట్టూ పేరుకున్న రహస్యాలన్నిటినీ ఆ ఒక్క మాట పక్కకు నెట్టేసింది.

లిండ్ అక్కడితో ఆగలేదు. ఓడలో ఎలాగూ ఉండే వంట కుండకే ఆవిరి పట్టే మూత అమర్చి, దానినుంచి వచ్చే గొట్టాన్ని చన్నీటి పీపా గుండా పోనిస్తే చాలని చెప్పాడు. బట్టీ పరికరాలు లేని ఓడ ఆపదలో చిక్కుకుంటే తేనీటి కెటిల్‌ను కుండమీద బోర్లించి, దాని కొమ్ముకు తుపాకీ గొట్టాన్ని తగిలించి, ఆ గొట్టాన్ని నీటి పీపాలో నుంచి పోనివ్వమన్నాడు. ఏ ఓడలోనైనా దొరికే వస్తువులతోనే ప్రాణం నిలుపుకొనే దారి చూపించాడు. వంట మంటతోనే నీరు కూడా దిగుతుంది కాబట్టి కట్టెల ఖర్చు కూడా కొంత కలిసివస్తుంది. ఈ చరిత్రలో పెద్దపీట ఎవరికి వేయాలని అడిగితే నేను లిండ్ పేరే చెబుతాను.

మరి బ్రిటిష్ పార్లమెంటు 5,000 పౌన్ల బహుమతి ఇచ్చింది లిండ్‌కేనా?

కాదు. 1772లో ఆ బహుమతి చార్లెస్ ఇర్వింగ్ అనే మరో నౌకా వైద్యుడికి దక్కింది. ఇర్వింగ్ సాధనంలో వంట కుండకు వెడల్పాటి గొట్టాన్ని నేరుగా తగిలించి, చన్నీటి పీపాకు బదులు గొట్టంపైన తడిగుడ్డ కుంచెలతో ఎడతెగకుండా తుడుస్తూ చల్లార్చేవారు. మందులేవీ కలపనవసరం లేదన్న మూలసూత్రం లిండ్ అప్పటికే అచ్చువేయించినది. తన పని మరుగున పడిందని లిండ్ బాధపడడంలో తప్పులేదు.

ఇర్వింగ్ సాధనాన్ని వాడిన తీరు గురించి చక్కని ప్రత్యక్ష సాక్ష్యం ఒకటి మిగిలింది. 1773లో కెప్టెన్ ఫిప్స్ నాయకత్వంలో ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన రేస్‌హార్స్ ఓడలో, ఇర్వింగ్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు ఒలాడా ఇక్వియానో. బానిసత్వం నుంచి తన విముక్తిని తానే కొనుక్కొని, తరువాత బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా తన జీవితకథను రాసి ప్రసిద్ధుడైన వ్యక్తి ఆయనే. ఆ ప్రయాణంలో తాను రోజుకు 26 నుంచి 40 గ్యాలన్ల దాకా నీరు దించేవాడినని, అది స్వచ్ఛంగా, రుచిగా, ఉప్పు లేకుండా ఉండేదని ఆయన రాశాడు. అంటే రోజుకు సుమారు వంద లీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ధ్రువపు చలిలో వంటపొయ్యి పక్కన నిలబడి, వేడి గొట్టాన్ని ఆగకుండా తడుపుతూ ఆ నీటిని తీసిన చేతులు ఇక్వియానోవి. బహుమతుల జాబితాలో మాత్రం ఆ శ్రమకు చోటు లేదు.

కెప్టెన్ కుక్ ఈ యంత్రాన్ని మెచ్చుకున్నాడా?

మెచ్చుకున్నాడు, కాని దానిమీదే ఆధారపడవద్దని హెచ్చరించాడు. 1772లో బయలుదేరిన రెండవ యాత్రలో అతని రెజల్యూషన్ ఓడలో ఇర్వింగ్ సాధనం ఉంది. 1773 జనవరిలో దక్షిణ మహాసముద్రంలో అతని మనుషులు సముద్రంలో తేలుతున్న మంచుగడ్డలను పడవలతో పోగుచేసి, కరిగించి, సుమారు 15 టన్నుల మంచినీరు సంపాదించారు. మంచుకొండలు హిమానీనదాలనుంచి విరిగిపడినవి కాబట్టి వాటి నీరు మొదటినుంచీ మంచినీరే. బట్టీతో పోలిస్తే ఈ దారి చవక కూడా: మంచును కరిగించడానికి పట్టే వేడి, నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడిలో ఏడో వంతు మాత్రమే.

ఫ్రెంచివారు ఈ విషయంలో వెనుకబడ్డారా?

లేదు. పియెర్ ఇజాక్ పువాసోనియే అనే వైద్యుడు 1760లలో రూపొందించిన బట్టీలో, మరుగుతున్న నీటికి పైన చిల్లుల పళ్లెం ఉండేది. అలలకు ఓడ ఊగినప్పుడు ఉప్పునీరు ఎగిసి గొట్టంలో పడకుండా అది ఆపేది. నేలమీద పనిచేసే వారికి తట్టని ఇబ్బంది ఇది. సముద్రపు ఊగిసలాటను దృష్టిలో పెట్టుకొని చేసిన ఈ చిన్న మార్పు ఎంతో విలువైనది. 1766 నుంచి 1769 వరకు భూప్రదక్షిణ చేసిన ఫ్రెంచి నావికుడు బూగాన్‌విల్ తన ఓడమీద ఈ బట్టీని వాడి, దాని మేలును రాతపూర్వకంగా కొనియాడాడు.

అమెరికాలో జెఫర్సన్ ఈ విషయంపై విచారణ జరిపాడన్నది నిజమేనా?

నిజమే. నా అభిప్రాయంలో దీనికి సంబంధించి జరిగిన పరీక్షలన్నిటిలోకీ పద్ధతైనది అదే. రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌కు చెందిన జేకబ్ ఐజాక్స్, తన దగ్గర ఒక మిశ్రమం ఉందని, దానిని కలిపితే సముద్రపు నీరు సులభంగా మంచినీరవుతుందని, రహస్యం చెప్పినందుకు ప్రతిఫలం ఇప్పించాలని అమెరికా కాంగ్రెసుకు అర్జీ పెట్టుకున్నాడు. కాంగ్రెసు దానిని అప్పటి విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్‌కు అప్పగించింది. జెఫర్సన్ ఖగోళ శాస్త్రవేత్త డేవిడ్ రిట్టెన్‌హౌస్‌ను, వైద్యులు విస్టార్, హచిన్సన్‌లను పిలిపించి, 1791 మార్చిలో ఫిలడెల్ఫియాలో వారి ఎదుటే ఐజాక్స్ చేత బట్టీ పట్టించాడు.

డెలావేర్ అఖాతపు ముఖద్వారానికి సుమారు మూడు మైళ్ల అవతల, పోటు సమయంలో ముంచి తెచ్చిన సముద్రపు నీరు 24 పింట్లు కుండలో పోశారు. తగరపు మూత, చన్నీటి పీపా గుండా ఏటవాలుగా పోయే తగరపు గొట్టం అమర్చారు. నాలుగు గంటల్లో 22 పింట్ల మంచినీరు దిగింది. అందుకు వానకు కాస్త తడిసిన, 20 పౌన్ల బరువున్న పైన్ కట్టె ఖర్చయింది. ఆ తరువాత మిశ్రమం కలిపి, కలపకుండా బట్టీ పట్టి పోల్చి చూశారు. మిశ్రమం వల్ల అదనంగా ఒరిగినదేమీ లేదని తేలింది.

ఆ అంకెలను మన కొలతల్లోకి మార్చి చూడండి. 22 పింట్లంటే సుమారు 10.4 లీటర్లు, 20 పౌన్లంటే సుమారు 9 కిలోలు. లీటరు నీటికి దాదాపు 870 గ్రాముల కట్టె పట్టిందన్నమాట. రోజుకు తలా మూడు లీటర్ల చొప్పున వందమంది నావికులకు 90 రోజులకు 27 టన్నుల నీరు కావాలి. ఇదే లెక్కన ఆ నీటిని బట్టీ పట్టడానికి 23 టన్నులకు పైగా కట్టె కావాలి. నీళ్ల పీపాలకు బదులు కట్టెలు మోసుకుపోవడమే తప్ప ఓడకు పెద్దగా తగ్గే బరువేమీ లేదు. అందుకే 18వ శతాబ్దపు బట్టీలు ఆపద సమయంలో ఆసరాగానే మిగిలిపోయాయి తప్ప రోజువారీ నీటి వనరు కాలేకపోయాయి.

ఐజాక్స్‌కు ప్రతిఫలం దక్కలేదు. అయితే జెఫర్సన్ 1791 నవంబరులో ఇచ్చిన నివేదికలో ఒక మంచి సూచన చేశాడు. రేవు వదిలే ప్రతి ఓడకూ ఇచ్చే అనుమతి పత్రం వెనుకవైపున, ఓడలో ఉన్న సామానుతోనే సముద్రపు నీటిని బట్టీ పట్టే విధానాన్ని అచ్చువేయించి ఇవ్వాలన్నాడు. ఒకడు అమ్ముకోవాలనుకున్న విద్యను అందరికీ ఉచితంగా చేర్చాలన్న ఆ ఆలోచనకు నాకు చాలా గౌరవం.

బట్టీ నీరు రుచిగా ఉండేదా? ఆరోగ్యానికి హాని లేదా?

కొత్తగా దించిన నీటిలో కరిగిన గాలి ఉండదు కాబట్టి చప్పగా ఉండేది, మాడు వాసన కూడా వచ్చేది. ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి ఎత్తి పోస్తే ఆ వాసన చాలావరకు పోయేది. హాని ఉంటే అది పరికరాల వల్లే. సీసపు గొట్టాలు వాడినా, రాగి పాత్రకు కళాయి సరిగా లేకపోయినా లోహం నీటిలోకి దిగేది.

ఇంధనం చిక్కు చివరికి ఎలా తీరింది?

ఆవిరి యంత్రం ఓడలోకి వచ్చాక తీరింది. ఆవిరి ఓడకు బొగ్గు, బాయిలరు ఎలాగూ ఉంటాయి. పైగా బాయిలరులో ఉప్పునీరు పోస్తే లోపల గార గట్టిపడి చెడిపోతుంది కాబట్టి దానికే మంచినీరు అవసరమైంది. అందువల్ల 19వ శతాబ్దంలో ఓడలమీద నీటి బట్టీలు మామూలు సామగ్రి అయ్యాయి.

మరో పెద్ద ముందడుగు చక్కెర కర్మాగారాల నుంచి వచ్చింది. న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన నల్లజాతి ఇంజనీరు నార్బర్ట్ రిల్యూ, చెరకు రసాన్ని ఇగర్చడానికి 1840లలో ఒక యంత్రానికి పేటెంట్లు పొందాడు. మొదటి పాత్రనుంచి వచ్చిన ఆవిరి వేడితో, పీడనం తగ్గించిన రెండవ పాత్రలోని రసం మరుగుతుంది. దాని ఆవిరితో మూడవది మరుగుతుంది. ఒకసారి పెట్టిన మంటను పలుమార్లు వాడుకునే ఈ పద్ధతే తరువాత సముద్రపు నీటి కర్మాగారాలకు పునాది అయింది.

ఎండతో చేయలేకపోయారా?

ఓడమీద అంత చోటు లేదు. నేలమీద మాత్రం చేశారు. చిలీ ఎడారిలోని లాస్ సలీనాస్‌లో 1872లో చార్లెస్ విల్సన్ అనే ఇంజనీరు, చెక్క తొట్లపై ఏటవాలుగా గాజు పలకలు కప్పి, సుమారు 4,700 చదరపు మీటర్ల మేర సౌర బట్టీ కట్టించాడు. అక్కడిది సముద్రపు నీరు కాదు, గనుల ప్రాంతంలో దొరికే మహా ఉప్పనీరు. మంచి ఎండ ఉన్నప్పుడు రోజుకు సుమారు 22,000 లీటర్లు దిగేవి. అంటే చదరపు మీటరుకు ఐదు లీటర్లలోపే. అది దశాబ్దాలపాటు పనిచేసింది.

మన ఊళ్లలోని ఆర్‌.ఓ. ప్లాంట్లకు ఈ కథతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. 1950ల చివర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ శాఖలో సిడ్నీ లోబ్, భారతీయుడైన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ ఎసిటేట్‌తో ఒక కొత్త తరహా పొరను తయారుచేశారు. నీటిని ఒత్తిడితో తోస్తే ఉప్పు ఆగి మంచినీరు దాటుతుంది. సముద్రపు నీటికి సహజంగా ఉండే ఎదురు ఒత్తిడే వాతావరణ పీడనానికి సుమారు 27 రెట్లు ఉంటుంది కాబట్టి అంతకు మించి తోయాలి. అయినా నీటిని ఆవిరి చేయనవసరం లేనందువల్ల వేడి ఖర్చే ఉండదు. సముద్రపు నీటి కోసం మొదలైన ఆ పరిశోధన నుంచి వచ్చిన పరిజ్ఞానమే, ఫ్లోరైడుతో బాధపడిన నల్గొండ పల్లెల్లోనూ, ఉప్పునీటి బోర్లున్న కోస్తా ఊళ్లలోనూ ఇప్పుడు 20 లీటర్ల క్యానులు నింపుతున్న ప్లాంట్లలో ఉంది.

పాఠశాలలో పిల్లలతో లిండ్ ప్రయోగం చేయించవచ్చా?

ఉపాధ్యాయుల పర్యవేక్షణలో తప్పక చేయించవచ్చు. లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు కలిపి మరిగించండి. ఆవిరిని చన్నీటి తొట్టిలో నుంచి పోయే స్టీలు గొట్టం గుండా దించండి. గొట్టం మూసుకుపోకుండా చూసుకోండి, కుండలో నాలుగో వంతు మిగలగానే మంట ఆపండి. దిగిన నీటిని రుచి చూసి తేల్చకుండా, దానికి ఒకటి రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ కలిపి చూడండి. ఆ మందు చేతికి తగిలితే నల్లమచ్చలు పడతాయి కాబట్టి చేతి తొడుగులు అవసరం, ఆ నీటిని ఎవరూ తాగకూడదు. ఖర్చైన గ్యాసును తూకం వేసి రాసుకుంటే, కట్టెల ఇబ్బంది ఏమిటో కూడా పిల్లలకు అంకెల్లోనే తెలుస్తుంది.